నన్నూ రానీవే

సూది దిగుతున్న క్షణంలోనే రేడియోలో ఆ పాట మొదలైంది.

పుష్పలీల చెయ్యి కదలలేదు. ఇరవై రెండేళ్లుగా రోజుకి యాభై అరవై మందికి రక్తం తీస్తున్న చెయ్యి అది. కుర్చీలో కూర్చున్న తెల్లాయన జబ్బకి కట్టిన పట్టీని ఎడమచేత్తో వదులు చేసింది. చిన్న గొట్టంలోకి ముదురెరుపు నెమ్మదిగా ఎక్కసాగింది.

"అబ్బ, ఈ పాట!" అన్నాడాయన కళ్లు మూసుకుని. "మా పెళ్లిలో వేశారు. డెబ్భై తొమ్మిది జూన్. మా ఆవిడ చెప్పులు విప్పేసి మరీ ఆడింది. రెయినీ వే... రెయినీ వే..." శ్రుతీ గితీ లేకుండా రెండుసార్లు పాడాడు కూడా. "డెనీజ్ మార్లో. ఏం గొంతండీ అది! ఇప్పటివాళ్లకి అలాంటి గొంతులెక్కడివి?"

"పిడికిలి వదలండి," అంది పుష్పలీల.

"మీరు వినే ఉంటారు. లేక అప్పటికింకా ఇండియాలో ఉన్నారా?"

"ఇక్కడే, బర్మింగ్‌హామ్‌లోనే ఉన్నాను." రెండో గొట్టం మార్చింది. సూది తీసి దూది పెట్టింది. "గట్టిగా నొక్కి పట్టుకోండి, రెండు నిమిషాలు. మీ పూర్తి పేరు ఇంకోసారి చెప్పండి?"

ఆయన చెప్పాడు. పుట్టిన తేదీ కూడా చెప్పాడు. పుష్పలీల రెంటినీ ఆయన చేతిలోని కాగితంతో సరిచూసి, ఆయన కళ్లెదుటే గొట్టం మీద రాసింది. ఒకరి రక్తం మీద ఇంకొకరి పేరు పడితే ఈ గదిలో ఉద్యోగం ఊడినట్టే. కొత్తగా చేరిన పిల్లలకి ఆమె నేర్పే మొదటి పాఠం అదే.

ఫోను మధ్యాహ్నం వచ్చింది. స్టాఫ్ రూమ్‌లో పెరుగన్నం డబ్బా మూత తీస్తోంది. ఎవరో మగగొంతు, కుర్రది.

"లీలా ప్రసాద్‌గారేనా? నా పేరు గారెత్. సెవెంటీ ఎయిట్‌లో సిల్వర్ లేన్ బాండు వాళ్ల 'రెయినీ వే' పాడింది మీరేనా?"

చెంచా పెరుగులో అలాగే నిలబడిపోయింది. ఇరవై ఏడేళ్లలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఇతనే.

"నేనే," అంది. దగ్గి మళ్లీ అంది. "నేనేనండీ."

"దొరికారు! ఆ రికార్డు తీసిన ముసలాయన డైరీలో మీ పేరుంది. వచ్చే ఆదివారం మాకు డిస్కో రీయూనియన్ షో ఉంది, వేల్స్‌లో, సముద్రం ఒడ్డున. మధ్యాహ్నం ఆట. టికెట్లన్నీ అమ్ముడైపోయాయి. మాకు మీ గొంతు కావాలి."

మిగతావేవో తేదీలూ టైములూ చెప్పాడు. ఆమె రాసుకుంది. మాకు మీ గొంతు కావాలి అన్నది మాత్రం రాసుకోలేదు. అవసరం లేకపోయింది.

*

ఇంటికొచ్చేసరికి ఆంజనేయప్రసాద్ ముందుగదిలో ఆమె యూనిఫారాలు ఇస్త్రీ చేస్తున్నాడు. బస్సు కండక్టరుగా చేరి ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మనిషి. చొక్కా మడత తప్పినా, భోజనం వేళ తప్పినా ఊరుకోడు. ఆమె బూట్లు విప్పకుండానే అంతా చెప్పేసింది. ఆయన ఇస్త్రీపెట్టె నిలబెట్టి విన్నాడు.

"నీ బొమ్మ కూడా వేస్తారా?" అన్నాడు చివరికి.

"వేస్తే ఏం?"

"ఏం లేదు. అడిగాను."

"ఇప్పుడు నన్ను చూసి ఎవరేమనుకుంటారండీ? యాభై ఆరేళ్లు నాకు."

"అందుకు కాదు లీలా."

"మరెందుకు? అప్పుడన్నారుగా మీరు, ఆ రికార్డు కంపెనీ ఆఫీసులో వాళ్లందరి ముందూ కూర్చుని. గొంతైతే ఇస్తాం, అట్ట మీద బొమ్మ మాత్రం వద్దు, మా తెనాలిలో తెలిస్తే తలెత్తుకోలేం అని."

"అన్నాను." ఆయన ఇస్త్రీపెట్టె మళ్లీ తీసుకున్నాడు. కాలరు మీద ఒకసారి, మళ్లీ ఒకసారి నడిపాడు. అప్పటికే అది నున్నగా ఉంది. "నువ్వూ సంతకం పెట్టావు."

"పెట్టాను."

ఆ మాట దగ్గర ఇద్దరూ ఆగిపోయారు. ఈ దారిలో ఇంతకన్నా దూరం వాళ్లెప్పుడూ వెళ్లలేదు.

కాసేపటికి ఆయనే అన్నాడు. "ట్రైన్‌లో అయితే రెండుచోట్ల మారాలి. కార్లో నేను తీసుకెళ్తాను. శనివారం పొద్దున్న ఏడింటికి బయలుదేరితే సరిపోతుంది."

బుధవారం నుంచి ఆమె రోజూ తెల్లవారుజామునే లేచింది. గిన్నెలో నీళ్లు మరగబెట్టి, తువ్వాలు కప్పుకుని ఆవిరి పట్టింది. కిందినుంచి మొదలుపెట్టి ఒక్కొక్క స్వరమే ఎక్కింది. వంటింటి కిటికీ అద్దం మసకబారేది. పక్కింటివాళ్లు లేవకుండా నోరు మూసుకునే పాడుకునేది. పై స్వరం దగ్గరికొచ్చేసరికి గొంతు సన్నగా వణికేది. స్టేజీ ఎక్కితే అదే వస్తుందిలే అనుకుంది. శుక్రవారం సాయంత్రం బీరువా అడుగునుంచి సముద్రపు పచ్చరంగు పట్టుచీర తీసి, నలగకుండా తువ్వాల్లో చుట్టి పెట్టెలో పెట్టుకుంది. ఆంజనేయప్రసాద్ చూశాడు. పెట్టె మూత తనే నొక్కి జిప్పు లాగాడు.

*

గారెత్‌కి ముప్పై అయిదు దాటవు. చెవికి మైకు తగిలించుకుని, చేతిలో కాగితాల అట్టతో హాలంతా పరిగెడుతున్నాడు. పుష్పలీలని చూడగానే రెండు చేతులూ పట్టుకుని ఊపాడు.

"మిమ్మల్ని చూస్తుంటే ఒళ్లు పులకరిస్తోంది, నిజం! రండి, మీ చోటు చూపిస్తాను."

స్టేజీ మీదికి తీసుకెళ్లాడు. స్టేజీ మధ్యలో ఒక మైకు స్టాండు, దాని చుట్టూ వెండి కాగితాల మెరుపు. అతను అక్కడ ఆగలేదు. స్టేజీ దాటి, నల్లటి తెర తప్పించి లోపలికి నడిచాడు. అక్కడ గోడకి చేరేసి ఒక ఎత్తు స్టూలు, మైకు, పుస్తకమంత టీవీ ఉన్నాయి.

"ఇందులో డెనీజ్ కనపడుతుంది. ఆవిడ పెదాలు చూస్తూ మీరు పాడాలి. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, ఒక్కోసారి కాస్త వెనకపడుతుంది. మీరే సర్దుకోవాలి."

పుష్పలీల టీవీ వంక చూసింది. అందులో ఖాళీ మైకు స్టాండు కనిపిస్తోంది.

"నేను ఇక్కడా?"

"ఇక్కడే. రేపు నల్లబట్టలు వేసుకోండి, తెర కదిలినా కనపడకుండా. మా దగ్గర టీషర్టులున్నాయి, మీ సైజు చూస్తాను." అట్ట మీద ఏదో టిక్కు పెట్టుకున్నాడు. అప్పుడు తలెత్తి ఆమె మొహం చూశాడు. "ఫోన్లో చెప్పానుగా? గొంతని చెప్పాను."

"చెప్పారు," అంది.

వెనక్కి వెళ్లిపోవచ్చు. కారు బయటే ఉంది, ఆయన ఫ్లాస్కులో కాఫీతో కూర్చుని ఉన్నాడు. కానీ బాండు వాళ్లు తీగలు సవరించుకుంటున్నారు, డ్రమ్ము ఒకటి గుండెలో కొట్టినట్టు మోగింది. చూస్తూ చూస్తూ ఆమె స్టూలు ఎక్కి కూర్చుంది.

మొదటి చరణం బాగానే వచ్చింది. ఆమెకే ఆశ్చర్యం వేసింది. కిందిస్వరాలు వయసుతో చిక్కబడి, తేనెలా దిగాయి. వాయిస్తున్న కుర్రవాడొకడు తెర వైపు తిరిగి బొటనవేలెత్తాడు. తరవాత ఆ చోటు వచ్చింది. వాద్యాలన్నీ ఆగి, ఒక్క గొంతే పైకి లేవాల్సిన చోటు. ఊపిరి నింపుకుని లేచింది. సగం దారిలో గొంతు పట్టు తప్పింది. మళ్లీ చేశారు. ఈసారి స్వరం చీలి, గాలి మాత్రం వచ్చింది. మూడోసారి గారెతే చెయ్యెత్తి ఆపేశాడు.

తెరలోపలికి వచ్చి ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు.

"మీ తప్పు లేదు. ఇరవై ఏడేళ్లంటే మాటలా! ఏం చేద్దామంటే, పాత రికార్డులోంచి గొంతు విడదీసి పెట్టాడు మా సౌండతను, అవసరమొస్తే పనికొస్తుందని. రేపు అదే వేసేద్దాం. జనానికి కావలసిందీ ఆ గొంతే."

"ఆ గొంతు నాదే."

"తెలుసండీ. అందుకేగా." జేబులోంచి రెండు టికెట్లు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఎఫ్ వరస. మంచి సీట్లు. మీవారితో వచ్చి హాయిగా చూడండి."

*

స్టేజీ వెనక టీ గదిలో ఒక్కతే కూర్చుని ఉంటే తలుపు తోసుకుని డెనీజ్ వచ్చింది. ఇరవై ఏడేళ్లుగా రికార్డు అట్టల మీదా, పోస్టర్ల మీదా చూసిన మొహం అది. ఇప్పుడు రంగు లేకుండా, చిన్నదై, మామూలు ముసలిమొహంలా ఉంది. ఒక చెయ్యి కర్ర మీద ఉంది.

"లీలా? అవును, నువ్వే. ఆ రోజు స్టూడియోలో అద్దం అవతల ఉన్నావు. ఎర్ర కార్డిగను."

"నువ్వు ఇవతల," అంది పుష్పలీల. "తెల్లకోటు. సోఫాలో మగవాళ్లందరి మధ్యా కూర్చుని సిగరెట్ తాగుతున్నావు. నీకు ఫోటోలు తీస్తున్నారు."

డెనీజ్ ఎదురుకుర్చీలో మెల్లగా కూర్చుంది. ఒక చక్కెర పొట్లం చింపింది, కప్పులో పొయ్యకుండా బల్ల మీద పోసి వేలితో గీతలు గీసింది.

"నువ్వు నన్ను అసహ్యించుకుంటావని తెలుసు. నేనూ నిన్ను అసహ్యించుకున్నాను, తెలుసా? ఒకసారి హోటల్లో పాట అయిపోయాక ఒకడు మైకు తెచ్చి, మా అమ్మకి ఈరోజు బర్త్‌డే, రెండు ముక్కలు పాడమన్నాడు. రెండు ముక్కలు! బాత్‌రూమ్‌లో గడియ పెట్టుకుని కూర్చున్నాను, వాళ్లు వెళ్లేదాకా. చర్చిలో పాడను. నా మనవరాలికి జోలపాట పాడలేదు, ఎవరన్నా వింటారేమోనని. ఇరవై ఏడేళ్లు నీ గొంతు నా నోట్లో పెట్టుకుని, నా గొంతు మింగేశాను."

పుష్పలీల తన టీ కప్పు దగ్గరికి లాక్కుంది. ఇన్నేళ్లూ ఈ మనిషికి చెప్పాలని కూడబెట్టుకున్న మాటలు చాలా ఉన్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు.

"ఒకటి చెప్పు," అంది డెనీజ్. "ఆ రెయినీ వే ఏంటి? అందరూ అడుగుతారు. నా చిన్నప్పటి వీధి పేరు అని చెప్తుంటాను. నీకు ఇంగ్లీషులో రాసిచ్చిన కాగితంలో ఆ ముక్క లేదు. నేను చూశాను ఆ కాగితం."

"లేదు. వాద్యాలాపి, ఇక్కడ నీ ఇష్టం, ఏదో ఒకటి పాడు అన్నాడు రికార్డు తీసే ఆయన. నోటికొచ్చింది పాడేశాను. అది ఇంగ్లీషు కాదు, తెలుగు. రానీవే. నన్నూ రానీవే. వాళ్లకి రెయినీ వే అని వినపడింది, అదే పేరు పెట్టేశారు."

"అంటే?"

"చిన్నప్పుడు మా వీధిలో పెద్దపిల్లలు ఆడుకుంటూ నన్ను చేర్చుకునేవాళ్లు కాదు. అప్పుడు అడిగేదాన్ని. నన్ను కూడా రానియ్యవే అని. ఆడపిల్లని అడిగితేనే అలా అంటాం."

చక్కెరలో తిరుగుతున్న వేలు ఆగింది.

"ఏ ఆడపిల్లని అడిగావు?"

పుష్పలీల కప్పు కేసి చూస్తూ ఉండిపోయింది. డెనీజే చెప్పుకుంది, చాలా మెల్లగా.

"నీకు అద్దం అవతల ఉన్న ఆడపిల్లని నేనొక్కదాన్నే."

*

బసకి చేరి, గది తలుపు వేశాకే ఆమె ఆంజనేయప్రసాద్‌కి చెప్పింది.

"రేపు నేను పాడటం లేదండీ."

"అదేం?"

"నాకంటే బాగా పాడేది దొరికింది వాళ్లకి."

"ఎవరట?"

"నేనే. ఇరవై తొమ్మిదేళ్లప్పటి నేను. రికార్డు వేస్తారట."

ఆయన మంచం అంచున కూర్చున్నాడు. "ఇంటికి పోదామా?" అన్నాడు.

"వద్దు. టికెట్లిచ్చారు. ఇన్నేళ్లలో ఆ పాట ఎదురుగా కూర్చుని, జనం మధ్యలో ఒక్కసారి కూడా వినలేదు. విని పోదాం."

మర్నాడు ఆమె పచ్చచీరే కట్టుకుంది. ఆయన వంగి కుచ్చెళ్లు సర్దాడు.

హాలు పన్నెండొందల మందితో కిటకిటలాడుతోంది. అరవయ్యేళ్ల ఆడవాళ్లు మెరిసే జాకెట్లు తొడుక్కుని, కాగితం కప్పుల్లో ఐస్‌క్రీమ్ తింటున్నారు. మూడు పాటలు అయ్యాయి. నాలుగోది డెనీజ్‌దని ప్రకటించగానే పుష్పలీలకి కూర్చోవడం కష్టమైపోయింది. "పక్కన నిలబడి వింటాను," అని ఆయనకి చెప్పి, మోకాళ్లు దాటుకుంటూ గోడ పక్క నడవలోకి వెళ్లి నిలబడింది.

వెండి విగ్గూ, పొడుగు గౌనూ వేసుకుని డెనీజ్ వచ్చింది. కర్ర లేదు. హాలు లేచి నిలబడింది.

పుష్పలీల గొంతు హాలంతా నిండింది.

అలా ఉంటుందని ఆమెకి తెలియదు. ఇంట్లో చిన్న రేడియోలో, ఆస్పత్రిలో, సూపర్‌మార్కెట్లో విన్నది వేరు. ఇది నేలలోంచి వచ్చి కాళ్లకి తగులుతోంది. ఎక్కడా అనుమానం లేని గొంతు. ఎవరో పిల్ల, దేనికీ భయపడని పిల్ల పాడుతోంది. ఆ పిల్ల తనేనని అక్కడున్న పన్నెండొందల మందిలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందికే తెలుసు. పుష్పలీల గోడకి వీపు ఆనించుకుంది.

డెనీజ్ ఒక్క అక్షరం తప్పకుండా పెదాలు కదుపుతోంది. మోకాళ్ల నొప్పులున్న మనిషిలా లేదు. చరణం అయింది. వాద్యాలు ఆగాయి. జనమంతా ఊపిరి బిగబట్టారు, చేతులు పైకి లేచాయి.

రానీవే...

డెనీజ్ నోరు మూసుకుంది.

మైకు దించేసి, పెదాలు బిగించి, నిటారుగా నిలబడింది. నన్నూ రానీవే, అని గొంతు పైకి, ఇంకా పైకి లేచింది. దాని కింద ఆ మొహం రాతిబొమ్మలా కదలకుండా ఉంది. మొదట ముందు వరసల్లో ఎవరో నవ్వారు, తమాషా అనుకున్నారు కాబోలు. తరవాత నవ్వు ఆగిపోయింది. ఎవరో ఈల వేశారు. ఇంకెవరో అరిచారు. డెనీజ్ చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని, దీపాల వెలుగులోంచి హాల్లోకి చూస్తోంది. వెతుకుతోంది. మైకు మళ్లీ నోటి దగ్గర పెట్టుకుని ఏదో చెప్పింది. గబగబా, చెయ్యి చాపి చూపిస్తూ చెప్పింది. ఆ మైకు ఉత్తది. అందులోంచి ఎన్నడూ ఏ మాటా బయటికి రాలేదు.

అప్పుడు ఎఫ్ వరసలో ఒక మనిషి అందరి తలల మధ్యలోంచి పైకి లేవడం పుష్పలీల చూసింది.

అందరూ నిలబడే ఉన్నారు కాబట్టి మొదట పోల్చుకోలేకపోయింది. ఆయన కుర్చీ మీదికి ఎక్కాడు. అరవై నాలుగేళ్ల మనిషి, ఇస్త్రీ చొక్కా, టై. ముందు కుర్చీ వీపు ఒకచేత్తో పట్టుకుని, రెండో చెయ్యి గాల్లో ఊపుతూ చుట్టూ తిరిగి ఏదో అరుస్తున్నాడు. నోరు పెద్దగా తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. మెడనరాలు ఉబ్బాయి. పెళ్లయి ముప్పై మూడేళ్లయింది, ఆయన గొంతెత్తగా ఆమె చూడలేదు. ఏమంటున్నాడో వినపడలేదు. చెవులు రిక్కించింది, రెండడుగులు ముందుకేసింది. వినపడలేదు. హాలంతా ఆమె గొంతే నిండిపోయి ఉంది, అది ఆయన మాటని లోపలికి రానివ్వలేదు.

వెనకవాళ్లు ఆయన కోటు పట్టుకుని లాగారు. ఎరుపు జాకెట్ వేసుకున్న హాలు మనిషి ఒకావిడ వచ్చి చెయ్యిచ్చి కిందికి దించింది. స్టేజీ మీద తెర పడింది. పాట మధ్యలో తెగిపోయింది. చిన్న సాంకేతిక లోపం, క్షమించాలి, అని ఎవరో ప్రకటించారు.

*

జనం నడవల్లో నిలబడి మాట్లాడుకుంటున్నారు. పుష్పలీల వాళ్ల మధ్యలోంచి నడిచింది. మోసం అన్నారొకరు. ఇన్నేళ్లూ మనల్ని పిచ్చివాళ్లని చేసిందన్నారు. సిగ్గులేని ముసల్ది, నా టికెట్టు నాకు వాపసివ్వాలి అంది ఐస్‌క్రీమ్ కప్పు పట్టుకున్న ఒకావిడ. ఆమె అందరి మాటలూ విన్నది. మరి పాడిందెవరు అని మాత్రం ఒక్కరూ అనలేదు.

ఎరుపు జాకెట్ ఆవిడ ఆమె చీర చూసి దగ్గరికొచ్చింది.

"ఆ ఇండియన్ పెద్దాయన మీ వాళ్లేనా?"

"మా ఆయన."

"కంగారుపడకండి, బాగానే ఉన్నారు. మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టాను." గొంతు తగ్గించింది. "ఆ పాడేది నా భార్య, నా భార్య అని అరుస్తున్నారండీ, పాపం. నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పారు, నేనే దాచేశాను అని. మా నాన్నకీ ఇలాగే మొదలైంది. మీ జీపీ డాక్టరుకి చూపించారా?"

పుష్పలీల ఆమెకేసి సూటిగా చూసింది.

"ఆయన మతి బాగానే ఉందండీ. ఆయన చెప్పింది నిజమే. ఆ గొంతు నాదే."

ఎరుపు జాకెట్ ఆవిడ ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూసింది. తరవాత కళ్లు మెత్తబడ్డాయి. పుష్పలీల జబ్బ మీద నెమ్మదిగా తట్టింది.

"అవునమ్మా. అవును. మీరిద్దరే వచ్చారా, పిల్లలెవరన్నా తోడున్నారా?"

స్టేజీ వెనక గారెత్ ఎవరితోనో ఫోన్లో అరుస్తున్నాడు. డెనీజ్ మెట్ల మీద కూర్చుని ఉంది. విగ్గు ఒళ్లో పెట్టుకుంది. నెరిసిన పల్చని జుట్టు చెమటకి తలకి అంటుకుపోయింది. పుష్పలీలని చూడగానే లేవబోయింది, మోకాళ్లు సహకరించలేదు.

"చెప్పాను లీలా. అందరికీ చెప్పాను. పాడింది నువ్వని, ఇక్కడే ఉన్నావని చెప్పాను. మైకు..."

"చూశాను."

"విన్నావా?"

"చూశాను," అంది పుష్పలీల మళ్లీ. చీర నలుగుతుందని చూసుకోకుండా ఆమె పక్కన మెట్టు మీద కూర్చుంది. డెనీజ్ చెయ్యి అందుకుంది, చల్లగా ఉంది. అలవాటు కొద్దీ పుష్పలీల వేళ్లు మణికట్టు మీదికి జారాయి. నాడి పిట్టగుండెలా కొట్టుకుంటోంది. ఈ మనిషికి ఇలాంటి రోజు రావాలని ఇన్నేళ్లూ కోరుకున్నది తను. ఇప్పుడా చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక తన ఒళ్లో పెట్టుకుంది.

"ఇంక ఎవరూ పిలవరు నిన్ను," అంది.

"పిలవరు." డెనీజ్ ముక్కు తుడుచుకుంది. "రేపు మా మనవరాలిని స్కూలుకి తీసుకెళ్లాలి. అక్కడ అందరికీ తెలిసిపోతుంది."

మేకప్ పెట్టె సర్దడంలో పుష్పలీల సాయం చేసింది. వెనక గుమ్మం దాకా నడిపించింది. టాక్సీ ఎక్కేముందు డెనీజ్ ఏదో అనబోయి, అనకుండా తలుపు వేసుకుంది.

*

తిరుగుదారిలో గంట సేపు కొండల పక్కన వాన పడింది. ఇంకా చీకటి పడలేదు. ఆంజనేయప్రసాద్ స్టీరింగు రెండు చేతులతో పట్టుకుని, ముందు లారీకి సరిగ్గా ఎంత దూరం ఉండాలో అంత దూరంలో నడుపుతున్నాడు. టై ఇంకా విప్పలేదు. గొంతు బొంగురుపోయింది. రెండుసార్లు సవరించుకుని ఊరుకున్నాడు.

పుష్పలీల అద్దం వైపు తిరిగి కూర్చుంది. అడగాలా వద్దా అని చాలాసేపు చూసింది. ఎవరో పరాయిమనిషి చెయ్యి పట్టుకుని చెప్పాడు. హాలు హాలంతటికీ చెప్పాడు. తనకి చెప్పాలి. ఒక్కసారి, ఈ కార్లో, తెలుగులో, తన మొహం చూసి చెప్పాలి. అంతకుమించి ఇప్పుడు ఆమెకి ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

"ఏవండీ."

"ఊఁ."

"కుర్చీ ఎక్కారే. ఏమన్నారు అందరితో?"

వైపర్లు నాలుగైదుసార్లు అటూ ఇటూ తిరిగాయి. ఆయన రోడ్డు మీదనుంచి చూపు తిప్పలేదు.

"నేనేమంటాను? ఏమీ అనలేదు. కాలు తిమ్మిరెక్కింది. అందుకని లేచాను."

ఆమె ఆయన వైపు తిరిగింది. పక్కనుంచి ఆ మొహం చూసింది. దవడ వణుకుతోంది. ఆయనకది దాచుకోవడం చేతకావడం లేదు. కంటి కింద ముడతలోకి తడి చేరి, జారకుండా అక్కడే నిలబడి ఉంది. తుడుచుకుంటే ఆమెకి తెలిసిపోతుందని కాబోలు, తుడుచుకోవడం లేదు.

కోపం రావాలి. వచ్చింది కూడా, ఇరవై ఏడేళ్లది, గుండెల దాకా వచ్చింది. అక్కడే ఉంది. పోలేదు.

"ముందొచ్చే సర్వీసెస్‌లో, పెట్రోలు బంకు దగ్గర ఆపండి," అంది.

ఆయన ఆపాడు. ఇంజను కట్టేసి, చేతులు స్టీరింగు మీదే ఉంచి ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు. పుష్పలీల దిగింది. వానలో కారు చుట్టూ తిరిగి ఆయన పక్క తలుపు తెరిచింది. పచ్చచీర అంచు తడినేల మీద ఆనుతుండగా కిందికి వంగి కూర్చుంది.

"ఏ కాలు?" అంది.

ఆయన మెల్లగా, ఏదో ఒకటి చెప్పాలన్నట్టు, కుడికాలు బయటికి చాపాడు.